ఎర్ర దారం కట్టిన గిటారు

నా జిగురు సంగతి ముందు చెప్పాలి. విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కూర్చున్న ఒక మొగుడూ పెళ్లాల బల్ల కాలు ఊడితే నేనే అతికించాను. జిగురు ఆవిరికి బల్లతోపాటు వాళ్లూ అతుక్కుపోయారు. ఇప్పుడు ముగ్గురు పిల్లలు. నమ్మకపోతే మానేయండి. నేను చెప్పేవాటిలో సగం కోతలే. రంపం పట్టుకుని బతికినవాణ్ణి, కోయకుండా ఎలా ఉంటాను?

కానీ ఎర్ర దారం సంగతిలో మాత్రం ఒక్క కోత కూడా లేదు. ముప్పై ఒక్క ఏళ్లు దాన్ని నమిలి మింగలేక, ఉమ్మలేక తిరిగాను.

అప్పట్లో నేను ఉరుము దగ్గర పనిచేసేవాణ్ణి. ఉరుము అంటే రాక్ పాటగాడు. అది స్టేజీ పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు వాడికే గుర్తుండేది కాదు. తెల్లారింది మొదలు తాగేవాడు. పాట మధ్యలో స్పీకర్ల గుట్ట ఎక్కి కిందికి దూకేవాడు, జనం పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకసారి అద్దంలో తన బొమ్మ తనకి మర్యాద ఇవ్వలేదని దాన్ని గుద్ది పదకొండు కుట్లు వేయించుకున్నాడు. కుట్లు వేసిన డాక్టరుని కూడా గుద్దాడు. నాకంటే ఐదేళ్లు చిన్న, అయినా నన్ను 'ఏరా జిగురూ' అనేవాడు. స్టేజీ ఎత్తు మీద నిలబడినవాడికి కిందివాళ్లందరూ చిన్నవాళ్లే మరి.

వాడి ప్రతాపమంతా చివరి పాటలో ఉండేది. కర్ర గిటారు ఒకటి తీసుకుని, పాట ఆఖరి మాటకి దాన్ని తల మీదకెత్తి, స్టేజీకేసి ఒక్క దెబ్బ. మూడు ముక్కలు! జనం వెర్రెక్కిపోయేవాళ్లు. వాడి జబ్బ బలం గురించి పత్రికల్లో రాసేవాళ్లు.

ఆ బలం నా రంపానిది.

ప్రతి కచేరీకి ఒక చవక గిటారు కొనేవాళ్లం. దాని మెడ పొట్టని కలిసే చోట ముప్పాతిక వరకు కోసేవాణ్ణి. వెనక చెక్కని నిలువునా చీల్చేవాణ్ణి. చీలికలో మైనం, రంపపు పొట్టు కలిపి కూరి, పైన పాలిష్ పట్టించేవాణ్ణి. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉండేది, తుమ్మితే విరిగేది. మరి స్టేజీ పక్కన అరడజను గిటార్లు ఉంటాయి కదా, ఏది కోసిందో ఏది కోయనిదో ఎలా తెలియాలి? అందుకని కోసినదాని తలకి ఎర్ర దారం కట్టేవాణ్ణి. దారం ఉన్నది చచ్చేది, లేనిది బతికేది. అదే మా లెక్క. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మా అన్న గిటార్లు చేసేవాడు. ఏడాదికి రెండే. చెక్కని వేలితో తట్టి, చెవి ఆనించి, 'ఇంకా ఆరలేదురా' అని మూడేళ్లు పక్కన పెట్టేసే రకం. ప్రతి గిటారు పొట్టలో ఒక చిన్న కాగితం అంటించేవాడు. దాని మీద తన చేత్తో ఒకే ఒక్క మాట: 'మెల్లగా'. వాయించేవాడికి ఉత్తరమన్న మాట. ఒక గిటారుని మాత్రం ఎంతకీ అమ్మలేదు. దాన్ని తొమ్మిదేళ్లు చేశాడు. ఉరుము ఎన్నోసార్లు అడిగి, చివరికి ఒక్క పాటకి అరువు ఇమ్మని బతిమాలాడు. అన్న తనే పట్టుకుని వచ్చాడు, పక్కనే నిలబడతానని.

ఆ సాయంత్రం తెర వెనక ఉరుము తూలుతూ ఆ గిటారు తీసుకుని నాలుగు తీగలు పీకి, గొంతెత్తి అరిచాడు. అన్న అడ్డుపడ్డాడు.

"బాబూ, నువ్వు కాస్త ఆగు. దాన్ని పాడనియ్యి. నీ గొంతుకంటే దాని గొంతు బాగుంది."

వెటకారం కాదు, అన్నకి వెటకారం రాదు. ఉన్నమాట అన్నాడు. కానీ డ్రమ్ములవాడు పకపకా నవ్వాడు. వాణ్ణి చూసి అందరూ నవ్వారు. ఉరుము కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.

తర్వాత జరిగింది మూడు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే మూడు ముక్కలే అయింది. ఆఖరి పాటకి వాడు ఎత్తింది అన్న గిటారు. అన్న స్టేజీ పక్కనుంచి 'అయ్యో అయ్యో' అంటూ పరిగెత్తాడు. అంత మోతలో ఎవరికి వినపడుతుంది? ఒక్క దెబ్బ. మెడ ఒక వైపు, పొట్ట ఒక వైపు, తీగలు గాలిలో.

తెర వెనక్కి వచ్చాక ఉరుము గిటారు తల పైకెత్తి చూపించాడు. దానికి ఎర్ర దారం ఉంది.

"నన్నెందుకు చూస్తారు? దారం ఉంది, కొట్టాను. దారం కట్టేది ఎవడు?"

అందరూ నా వైపు తిరిగారు. నేను కట్టలేదని అరిచాను. కోసిన గిటారు మూలన ఉంది, దానికి దారం లేదు. అన్న నా దగ్గరికి వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. నా నోటి దగ్గర వాసన చూశాడు, అంతే.

అబద్ధమెందుకు, ఆ సాయంత్రం నేనూ ఒక గ్లాసు పుచ్చుకున్నాను.

అదీ నా రోగం. నేను కట్టలేదని తెలుసు. కానీ రాత్రి పడుకుంటే ఆ ఒక్క గ్లాసు వచ్చి మంచం పక్కన కూర్చునేది. 'నిజంగా తెలుసా?' అనేది.

అన్న ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. గిటారూ చేయలేదు. రెండేళ్లకి పోయాడు. వదిన ఆ రోజు నుంచే నన్ను గుమ్మం దాటనివ్వలేదు. అయినా ప్రతి నెలా ఒకటో తారీకున వెళ్లేవాణ్ణి. ఆవిడ నాతో మాట్లాడేది కాదు, పిల్లితో మాట్లాడేది.

"గుమ్మంలో ఎవరో ఉన్నారే, పొమ్మను."

పిల్లి నన్ను చూసేది. నేను పిల్లికి చెప్పేవాణ్ణి. "వదిన ఒంట్లో ఎలా ఉందో కనుక్కో."

"నేను చావలేదని చెప్పవే."

గ్లాసుడు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏడు పిల్లులు మారాయి. కోపం మారలేదు.

నేను విరిగిన ముక్కలన్నీ ఏరి బిస్కెట్ల డబ్బాలో దాచాను. చిన్నాపెద్దా కలిపి నలభై మూడు. కొన్ని అగ్గిపుల్లంత ఉన్నాయి. ఉరుము దగ్గర పని మానేసి చిన్న మరమ్మతు కొట్టు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా వాటిని అతికిస్తూ కూర్చున్నాను. ఒక్కో ముక్కకి ఒక్కో ఏడాది పట్టేదనుకోండి. ఆ కాగితం మాత్రం చిరగలేదు. 'మెల్లగా.'

ఈ లోపల ఉరుము తనని తాను కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ముందు గొంతు పోయింది, తర్వాత ఇల్లు, తర్వాత పెళ్లాం, ఆ తర్వాత ఇంకో పెళ్లాం. వాడి లివర్ ఫొటో చూపించి పిల్ల డాక్టర్లకి పాఠం చెబుతున్నారని ఒక పుకారు. నాకు జాలి వేయలేదు. వాడికి వాడే శత్రువైతే నా వంతు ఎక్కడ మిగులుతుందని బెంగ వేసింది.

అప్పుడు సినిమా వచ్చింది.

ఒక డైరెక్టరమ్మ నా కొట్టుకి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయేమో, జేబునిండా పెన్సిళ్లు.

"మేస్త్రి గారూ, ఉరుము జీవితం మీద సినిమా తీస్తున్నాం. విరగ్గొట్టే గిటార్లు కావాలి. మీకంటే బాగా ఎవరూ కోయలేరన్నారు."

"ఎవరన్నారు?"

"ఆయనే."

వయసులో ఉన్న ఉరుముగా ఒక కుర్ర నటుడు చేస్తున్నాడట. ఆఖరి సీను మాత్రం ఉరుమే చేస్తానని పట్టుబట్టాడట. ఇరవై ఏళ్ల తర్వాత ముసలి పాటగాడు మళ్లీ స్టేజీ ఎక్కి, ఒక్క దెబ్బతో గిటారు పగలగొట్టడం. అక్కడితో సినిమా అయిపోతుంది. సీన్ల కాగితాలు బల్ల మీద పెట్టి టీ తాగింది. నేను నా అద్దాలు తుడుచుకుని పేజీలు తిప్పాను.

యాభై రెండో సీను. తెర వెనక. 'తాగి ఉన్న సహాయకుడు, మందబుద్ధి, పొరపాటున మంచి గిటారుకి ఎర్ర దారం కడతాడు. నవ్వు రావాలి.'

"ఇది ఎవరు చెప్పారమ్మా?"

"ఆయనే చెప్పారు. నిజంగా జరిగిందట. ఏం, బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. "జనం నవ్వుతారు."

చూశారా? ఇన్నాళ్లూ పదిమందికి తెలిసిన నింద, ఇప్పుడు జనం టికెట్టు కొని మరీ చూస్తారు. నేను పోయాక కూడా ఊరూరా తెర మీద తాగి దారం కడుతూనే ఉంటాను. వదిన చూస్తుంది. పిల్లి కూడా చూస్తుంది.

చిన్నప్పుడు మా బడిలో ఒక పంతులుగారు అనేవారు, పగ పట్టినవాడు పాములా ఉండకూడదు, వడ్రంగిలా ఉండాలని. పాము తొందరపడి కరుస్తుంది. వడ్రంగి రెండుసార్లు కొలిచి ఒక్కసారి కోస్తాడు. నేనైతే కొలిచి, కోయడం మానేశాను.

ఆఖరి సీనుకి చవక గిటారు వాడలేదు. డబ్బా దించాను. అన్న గిటారు అప్పటికి ముప్పాతిక వంతు అతికి ఉంది, మిగతాదీ అతికించాను. మెడ లోపల పొడుగునా దొలిచి వేలెడు వెడల్పు ఉక్కు పట్టీ దించాను, తల నుంచి పొట్ట అడుగు దాకా. లోపలి గోడలకి నార గుడ్డ, జిగురు, మళ్లీ అడ్డంగా నార గుడ్డ, మళ్లీ జిగురు, పడవ అడుగుకి వేసినట్టు తొమ్మిది పొరలు వేశాను. ఆ జిగురు ఎలా కాచానో చెప్పను. చెబితే మీరు నమ్మరు, నమ్మితే పక్కింటివాళ్ల గోడలు మీ గోడలకి అతికించుకుంటారు. కాగితం తిరిగి దాని చోటులో అంటించాను. పైన పాలిష్ పెట్టాను. మెడ మొదట్లో రంపం గీతలాగా సన్నగా ఒక గీత గీశాను, వాడు తడిమి చూసుకుంటే మురిసిపోవాలని.

తలకి ఎర్ర దారం కట్టాను. ఈసారి నేనే కట్టాను. చుక్క కూడా తాగకుండా కట్టాను.

షూటింగు పట్టపగలు. పాత హాలు, నిండా జనం, మూడు వేలు అన్నారు. నేను లెక్కపెట్టాను, మూడు వేల ఒకటి. ఒకడు కిటికీలో వేలాడుతున్నాడు. ఉరుము వచ్చాడు. ఎండిపోయిన కట్టెలా ఉన్నాడు, తోలుకోటు మాత్రం అదే.

"ఏరా జిగురూ, ఇంకా చావలేదా?"

"నీకు ఆఖరి గిటారు కోసిచ్చి పోదామని ఆగాను."

వాడు గీతని బొటనవేలితో తడిమాడు. దారం చూశాడు. "బాగా కోశావా? భుజం నొప్పిగా ఉంది."

"ఊదితే రాలిపోతుంది."

పాట బాగానే పాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పోయిన గొంతులో కూడా ఏదో తడి మిగిలి ఉంది. కానీ వాడు కొట్టబోయేది అన్న చేతి పని. రెండోసారి విరిగితే ఇక అతికించడానికి నాకు ఆయుష్షు లేదు. ఒక్క క్షణం పరిగెత్తి లాక్కుందామనిపించింది. అన్న పరిగెత్తినట్టే. కాళ్లు అదిమి పట్టుకున్నాను.

ఆఖరి మాట. గిటారు తల మీదకి లేచింది. దెబ్బ పడింది.

డంగ్... అని గుడి గంటలా మోగింది. విరగలేదు.

వాడు మళ్లీ కొట్టాడు. డంగ్. మళ్లీ కొట్టాడు. స్టేజీ పలక చిట్లింది, గిటారు చిట్లలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అంటురోగం కదా, వెనక వరసల్లోకి పాకింది. డైరెక్టరమ్మ 'ఆపండి' అనలేదు, పెన్సిలు కొరుకుతూ కెమెరా నడవనిచ్చింది. పదిహేడో దెబ్బకి భుజం కీలు తప్పి వాడు మోకాళ్ల మీద కూలాడు. మైకు ముందే. నా వైపు తిరిగి బొబ్బ పెట్టాడు.

"ఏం చేశావురా దీన్ని? దారం ఉందిగా! ఆ ముసలాడి గిటారుకి నేనే దారం మార్చి కట్టి కొట్టినప్పుడు ఒక్క దెబ్బకే పోయిందే! కోయనిదే పోయిందే! నువ్వు కోసింది పోదేం?"

స్పీకర్లలో వాడి ఆయాసం ఒక్కటే వినపడుతోంది.

వాడు ఏమన్నాడో వాడికి అప్పుడు తట్టింది. తల వంచుకుని, ఒళ్లో ఉన్న గిటారు పొట్టలోకి చూశాడు. 'మెల్లగా' అని చదువుకున్నాడు. వాడి పెదాలు కదలడం నేను చూశాను.

నా మంచం పక్కన ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చున్న గ్లాసు ఆ క్షణాన లేచి వెళ్లిపోయింది.

పగ తీరిందనుకున్నారా? నేనూ అనుకున్నాను. ఇంతలో మూడు వేల ఒక్కమంది లేచి చప్పట్లు కొట్టారు. డైలాగు అనుకున్నారు! డైరెక్టరమ్మ ఏడుస్తోంది. "అద్భుతం! ఇది రాస్తే రాదు!" అంటోంది. భుజం జారినవాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే కూడా చప్పట్లే. చేసిన పాపం నోటితో ఒప్పుకుంటే వాడికి గొప్ప నటుడని పేరొచ్చింది. నా పళ్లు పటపటలాడాయి. మిగిలినవి నాలుగే, అయినా మోగాయి.

కానీ డైరెక్టరమ్మ తెలివి తక్కువది కాదు. మర్నాడు కొట్టుకి వచ్చి, "ఆ సహాయకుడు మీరేనా?" అంది. అవునన్నాను. యాభై రెండో సీను చింపేసి మళ్లీ తీసింది. తెర వెనక ఎవరూ లేని వేళ, కుర్ర నటుడి చెయ్యి ఒక గిటారు తల నుంచి దారం విప్పి ఇంకో గిటారు తలకి కట్టడం. మాటలు లేవు. విప్పిన గిటారు, కట్టిన గిటారు, అంతే. ఉరుము కిక్కురుమనలేదు. అంటే ఏమంటాడు? ఆ సీను ఉంటేనే కదా చివర్లో వాడికి చప్పట్లు.

విడుదలకి ముందు చూపించే ఆటకి వదినని కూడా పిలిచారు. నేను ఆవిడకి రెండు వరసల వెనక కూర్చున్నాను. ముందు కూర్చునే ధైర్యం లేదు. దారం సీను వచ్చింది. ఆవిడ కదల్లేదు. ఆఖర్న ఉరుము బొబ్బ వచ్చింది. జనం ముక్కులు చీదుతున్నారు, ఆవిడ మాత్రం రాయిలా ఉంది. దీపాలు వెలిగాక లేచి, నా వరసలోకి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. పిల్లిని తీసుకురాలేదు. నాతోనే మాట్లాడాలి.

"నువ్వు కట్టలేదా?"

"లేదు వదినా."

"ముప్పై ఒక్క ఏళ్లు నువ్వు చెబితే వినలేదు. వాడు ఒక్కసారి తిడితే విన్నాను." చేతికర్ర మీద బరువు వేసింది. "ఆయన వినకుండానే పోయారు."

"అవును వదినా."

"ఇంటికి రా. నీళ్లు తాగి వెళ్దువు గాని."

తాగాను. గ్లాసు మీద గ్లాసు, ముప్పై ఒక్క ఏళ్ల బాకీ. కుండ ఖాళీ అయిందంటే వదిన కాదంటుంది, ఆవిడ మాట నమ్మకండి.

నెల తిరక్కుండా ఉరుము నా కొట్టుకి వచ్చాడు. భుజం కీలు ఇంకా కుదరక చెయ్యి మెడకి కట్టుకునే ఉన్నాడు. లోపల వదిన కూర్చుని ఉంది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వచ్చి నా పనికి వంకలు పెట్టడం ఆవిడ పని. గోడ మీద అన్న గిటారు వేలాడుతోంది, దారం విప్పేశాను. వాడు తాగి లేడు. తాగనప్పుడు వాడు ఇంకా చిన్నగా ఉన్నాడు.

"అమ్మా, క్షమించండి," అన్నాడు వదినతో.

"అది తర్వాత. ముందెందుకొచ్చావో చెప్పు."

వాడి కళ్లు గోడ మీదే ఉన్నాయి. "ఆ గిటారు ఒక్కసారి ఇవ్వండి. ఒక్క పాట. ఆ రోజు వాయించాల్సిన పాట, మెల్లగా వాయిస్తాను. ఆ తర్వాత చచ్చినా ఫర్వాలేదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చెయ్యి గిటారు దాకా వెళ్లింది. వాడి ముఖం అలా ఉంది. వదిన చేతికర్రతో నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"చావడం నీకు అలవాటైన పనే కదా," అంది వాడితో. "ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నావు. అందులో శిక్షేముంది? నువ్వు బతకాలి. వారానికొకసారి వచ్చి ఆ బల్ల మీద కూర్చో. ఈ గిటారు ఎవరైనా వాయించొచ్చు. దారినపోయే ప్రతివాడూ వాయించొచ్చు. నువ్వు మాత్రం ముట్టుకోకూడదు. విను."

"ఎన్నాళ్లమ్మా?"

"నా మరిది నీళ్లు తాగకుండా నా గుమ్మం నుంచి ఎన్నాళ్లు వెనక్కి తిరిగి వెళ్లాడో, అన్నాళ్లు."

"అప్పటికి నాకు తొంభై మూడమ్మా."

"నాకు నూట తొమ్మిది. నేను వస్తాను. నువ్వు రా."

పగ విషయంలో ఆవిడ ముందు నేను పలక పట్టిన పిల్లాణ్ణి.

వస్తున్నాడు. ప్రతి గురువారం. చెయ్యి బాగైంది, తాగుడు మానాడు. తాగి వస్తే వదిన ఆ వారం లెక్కలోకి తీసుకోదు. గురువారం మా వీధి పోస్టుమ్యాన్ భోజనం డబ్బా ఖాళీ చేసి నేరుగా ఇక్కడికి వస్తాడు. ఆయన వేళ్లు అరటిపళ్లంత ఉంటాయి, చెవి కాస్త తక్కువ. వదిన ఆయనకి ఉరుము పాటే నేర్పించమని నాకు ఆజ్ఞ వేసింది. నేర్పించాను, నాకు వచ్చినంత.

నిన్న కూడా వాయించాడు. మూడో తీగ జారి ఉంది. పాట నడుము విరిగి కుంటుతోంది. ఉరుము బల్ల చివర కూర్చుని కళ్లు మూసుకుని, దవడ బిగించి వింటున్నాడు. కాలు తాళం వేస్తోంది. పోస్టుమ్యాన్ అదే తప్పు నాలుగోసారి వాయించాడు. ఉరుము చెయ్యి దానంతట అదే లేచింది, తీగ బిగించే బిరడా వైపు, ఒక్క పావు తిప్పు తిప్పితే చాలన్నట్టు.

వదిన చిన్నగా దగ్గింది.

చెయ్యి కిందికి దిగింది.

"మళ్లీ మొదట్నుంచి అందుకో నాయనా," అంది వదిన పోస్టుమ్యాన్‌తో. "బాగా వస్తోంది. మెల్లగా."